సూది వేసే ముందు మీ తమ్ముడు చెప్పాల్సిన ఊరి సంగతి

మీరు రాసిన వివరాలు రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనది ముందు చెబుతాను, తేడా ఉంటే సరిదిద్దండి. మీ తమ్ముడికి 34 ఏళ్లు. కళ్యాణదుర్గం దగ్గరి పల్లెలో, గొర్రెలు, కుక్కలు ఉన్న ఇంట్లో పుట్టి పెరిగాడు, 9 ఏళ్లుగా అమెరికాలో, ఒహాయోలో ఉద్యోగం చేస్తున్నాడు. రెండు నెలలుగా పొడి దగ్గు తగ్గకపోతే ఎక్స్‌రే తీశారు. కుడి ఊపిరితిత్తి కింది భాగంలో గుండ్రటి నీడ కనిపించింది. సీటీ స్కాన్‌లో అది 6 సెంటీమీటర్లని తేలింది. టీబీ కోసం చేసిన రక్తపరీక్ష పాజిటివ్ వచ్చింది, గళ్లలో మాత్రం టీబీ లేదు. అక్కడి డాక్టర్లు క్యాన్సర్, చీముగడ్డ, టీబీ మూడింటినీ అనుమానించి, వచ్చే బుధవారం బయటినుంచి సూది వేసి ముక్క తీస్తామన్నారు. ఇంతలో మీ అమ్మగారికి, మీ వీధిలో ఒకాయనకు ‘కుక్కల వల్ల వచ్చే నీటిగడ్డ’కు ఆపరేషన్ చేసిన సంగతి గుర్తొచ్చింది. తమ్ముడు ఆ మాట చెబితే అక్కడివాళ్లు దానికీ రక్తపరీక్ష చేయించారు, అది నెగెటివ్. కాబట్టి ఇక ఆ అనుమానం వదిలేయవచ్చా, సూది వేయించుకోవచ్చా అని మీ ప్రశ్న.

రక్తపరీక్ష నెగెటివ్ వచ్చినంత మాత్రాన ఆ అనుమానం వదిలేయకూడదు. ఊపిరితిత్తి విషయంలో మరీను. బుధవారం లోపు రెండు పనులు జరగాలి. ఆ గుండ్రటి నీడ లోపల ఉన్నది నీళ్లా, కండలాంటి గట్టి పదార్థమా అన్నది సీటీలో మళ్లీ చూడాలి. కాలేయానికి ఒక అల్ట్రాసౌండ్ చేయాలి. లోపల నీళ్లే అని తేలితే సూది ఆపమని అడగాలి. గట్టి పదార్థమైతే మాత్రం ఒక్కరోజు కూడా వాయిదా వేయకుండా సూది వేయించుకోవాలి. అప్పుడు క్యాన్సర్ అవునో కాదో తేల్చుకోవడమే ముఖ్యం. నేను చెప్పేవి చదివి భయంతో బయాప్సీ మానేస్తే అదీ ప్రమాదమే.

నేను ఛాతీ జబ్బుల డాక్టరును. రాయలసీమలో 26 ఏళ్లు పనిచేశాను, మధ్యలో 4 ఏళ్లు ఇంగ్లండులో ఉన్నాను. ఈ జబ్బును తరచూ కనిపించే చోటా చూశాను, ఎవరూ ఊహించని చోటా చూశాను. మీ తమ్ముడి స్కాన్ నేను చూడలేదు కాబట్టి ఇది ఫలానా జబ్బని చెప్పలేను. దాన్ని ఎలా తేలుస్తారో, ఎక్కడ పొరపాటు పడతారో మాత్రం చెప్పగలను.

మీ అమ్మగారు చెప్పిన జబ్బు పేరు హైడాటిడ్ సిస్ట్. తెలుగులో నీటితిత్తి అందాం. దీనికి కారణం ఎకైనోకాకస్ అనే చిన్న బద్దెపురుగు. పొడవు ఏడు మిల్లీమీటర్లు కూడా దాటదు. అది బతికేది కుక్క పేగులో. కుక్క మలంతో దాని గుడ్లు బయటికొచ్చి గడ్డిలో, మట్టిలో, నీళ్లలో కలుస్తాయి. ఆ గడ్డి మేసిన గొర్రె కాలేయంలో, ఊపిరితిత్తుల్లో తిత్తులు కడతాయి. గొర్రెను కోసినప్పుడు ఆ తిత్తులున్న ముక్కలు కుక్కకు వేస్తాం. కుక్క పేగులో మళ్లీ పురుగులు తయారవుతాయి. ఈ చుట్టు తిరుగుడులో మనిషికి అసలు చోటే లేదు. కుక్కను నిమిరిన చేత్తో అన్నం తిన్నప్పుడో, కడగని ఆకుకూరలతోనో, పొలం కుంటలో నీళ్లు తాగినప్పుడో గుడ్లు లోపలికి పోతాయి. ఆ గుడ్లలోంచి బయటపడి, పేగు గోడ దాటి రక్తంలో కలిసిన పిల్లపురుగులను ముందు కాలేయం ఆపుతుంది. అందుకే ఎక్కువమందికి, నూటికి సుమారు 70 మందికి, తిత్తి కాలేయంలోనే కడుతుంది. అక్కడ తప్పించుకున్నవి ఊపిరితిత్తికి చేరతాయి. సుమారు 20 మందికి అలా జరుగుతుంది. ఊపిరితిత్తిలో కుడివైపు, కింది భాగంలో ఎక్కువగా కనిపిస్తుంది. మీ తమ్ముడికి నీడ కనిపించిందీ అక్కడే. అయితే ఆ ఒక్కదాన్నిబట్టి ఏమీ తేల్చలేం, క్యాన్సర్ కూడా అక్కడ రావచ్చు.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది కాలం. తిత్తి ఏళ్ల తరబడి పెరుగుతుంది. చిన్నప్పుడు లోపలికి పోయిన గుడ్డు ముప్ఫై ఏళ్ల వయసులో ఎక్స్‌రేలో కనిపించడం మామూలే. మధ్యలో నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, బరువు తగ్గరు. గల్ఫ్‌కు వెళ్లేవాళ్లు మెడికల్ కోసం తీయించుకున్న ఎక్స్‌రేలో తొలిసారి బయటపడిన కేసులు నేను చూశాను. కడప కుర్రాడొకడు ‘నాకేం లేదు సార్, వాలీబాల్ ఆడతాను’ అని వాదించాడు. ఛాతీలో 9 సెంటీమీటర్ల తిత్తి ఉంది. కాబట్టి ‘9 ఏళ్లుగా అమెరికాలో ఉన్నాడు, అక్కడ గొర్రెలెక్కడివి’ అన్న మాటతో అనుమానం తీరదు. అడగాల్సింది 9 ఏళ్ల వయసులో ఎక్కడ ఉన్నాడన్నది.

ఆ ప్రశ్న అడగకపోతే ఏమవుతుందో నాకు అనుభవమే. ఉద్యోగంలో చేరిన కొత్తలో పత్తికొండ వైపునుంచి 28 ఏళ్ల మనిషి వచ్చాడు. దగ్గు, జ్వరం, గళ్లలో నెత్తురు జీర. ఎక్స్‌రేలో ఒక గుల్ల, దాని అడుగున నీటి మట్టం. గళ్ల మూడుసార్లు పరీక్ష చేస్తే టీబీ క్రిములు కనిపించలేదు. అయినా మన దేశంలో ఇది టీబీ కాక మరేముంటుందని నేను టీబీ మందులు మొదలుపెట్టాను. మూడో నెలలో అతను స్టీలు గ్లాసు మీద గుడ్డ కప్పి పట్టుకొచ్చాడు. ‘సార్, నిన్న రాత్రి దగ్గితే ఇది నోట్లోంచి వచ్చింది’ అన్నాడు. గ్లాసులో తాటిముంజ పైపొరలాంటిది, తెల్లగా, జారుతూ ఉంది. ల్యాబ్‌కు పంపాం. టీబీ కోసం ఎర్రరంగు వేసే స్లయిడ్ మీదే చిన్న చిన్న కొక్కేలు కనిపించాయని టెక్నీషియన్ నన్ను పిలిచి చూపించాడు. అవి ఆ పురుగు తలమీది కొక్కేలు. అప్పుడు అడిగాను, ఏం పని చేస్తావని. తొమ్మిదో ఏటినుంచి గొర్రెల మంద దగ్గర జీతానికి ఉన్నాడు, రాత్రిళ్లు మందతో పాటు పొలంలోనే కుక్కల పక్కన పడుకునేవాడు. కేసు షీటులో వృత్తి అన్న చోట ‘కూలీ’ అని రాసి ఉంది. రాసింది నేనే. అతనికి మూడు నెలలు అనవసరమైన మందులు మింగించాను. ఆ రోజునుంచి ‘కూలీ’ అని రాయడం మానేసి, ఏం కూలీ, ఏ వయసునుంచి, ఎక్కడ పడుకునేవాడివి అని అడుగుతున్నాను.

జబ్బు తరచూ కనిపించే జిల్లాలోనే నాకు ఆ తప్పు జరిగింది. ఒహాయోలో డాక్టరుకు తోచకపోతే ఆయన్ను తప్పుపట్టలేం. ఆయన ముందు కూర్చున్నది ల్యాప్‌టాప్ బ్యాగుతో వచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. గొర్రెల మంద సంగతి ఆయన అడగడు. మీ తమ్ముడూ చెప్పడు, అది జబ్బుకు సంబంధించిన విషయమని అతనికి తెలియదు కాబట్టి. హైదరాబాద్‌లో పెద్ద ఆసుపత్రికి వెళ్లినా ఇదే జరుగుతుంది. జబ్బు అరుదైన చోట దాన్ని పట్టుకోవడం యంత్రంతో మొదలు కాదు, పెరిగిన ఊరి గురించి ఒక ప్రశ్నతో మొదలవుతుంది. డాక్టరు అడగకపోతే రోగే చెప్పాలి.

ఇప్పుడు స్కాన్ సంగతి. పగలని తిత్తి ఎక్స్‌రేలో అంచులు నున్నగా, గుండ్రంగా లేదా కోడిగుడ్డులా కనిపిస్తుంది. కాలేయంలో పాతబడిన తిత్తి గోడకు సున్నం పడుతుంది కానీ ఊపిరితిత్తిలో అది చాలా అరుదు. కాబట్టి ‘సున్నం లేదు, అందుకే ఇది ఆ జబ్బు కాదు’ అంటే ఒప్పుకోనక్కర్లేదు. సీటీలో సాంద్రతను ఒక సంఖ్యగా చెబుతారు. దాన్ని హౌన్స్‌ఫీల్డ్ యూనిట్ అంటారు. నీటికి అది సున్నా. పగలని నీటితిత్తి లోపల దాదాపు 0 నుంచి 20 మధ్య ఉంటుంది. కండ కట్టిన గడ్డలో అంతకంటే బాగా ఎక్కువ ఉంటుంది, పైగా నరంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించాక గడ్డ లోపలి భాగం వెలుగుతుంది. నీటితిత్తికి అంచు కాస్త వెలగవచ్చు, లోపల వెలగదు. మీ తమ్ముడి రిపోర్టులో ఆ సంఖ్య లేకపోతే రేడియాలజిస్టును అడగమనండి. స్కాన్ మళ్లీ తీయాల్సిన పని లేదు, ఉన్న బొమ్మల మీదే కొలుస్తారు. కాంట్రాస్ట్ లేకుండా తీసి ఉంటే, అనుమానం తీరకపోతే, ఎంఆర్ఐ బాగా పనికొస్తుంది. నీళ్లుంటే అందులో స్పష్టంగా తెలుస్తుంది.

నీటితిత్తికి బయటివైపు మన శరీరం కట్టిన గోడ ఉంటుంది. దాని లోపల పురుగు తయారుచేసుకున్న తెల్లటి పొర, ఆ పొర లోపలివైపు పిల్లపురుగులు పుట్టే పలుచటి పొర. తిత్తి పెరిగి పక్కనున్న గాలిగొట్టాన్ని ఒరుసుకుంటే గాలి ఆ గోడకూ పొరకూ మధ్య దూరుతుంది. అప్పుడు సీటీలో పైభాగాన సన్నటి నెలవంక కనిపిస్తుంది. ఇది పగలబోయే తిత్తికి గుర్తు. గాలి ఇంకా లోపలికి పోతే పొరల మధ్య ఉల్లిపొరల్లా గీతలు పడతాయి. చివరికి పొర పూర్తిగా ఊడి, మిగిలిన నీటిమీద కలువాకులా తేలుతుంది. వైద్యపుస్తకాల్లో కూడా దానికి కలువ పేరే పెట్టారు. కలువాకు కనిపిస్తే ఏ దేశపు రేడియాలజిస్టైనా గుర్తుపడతాడు. కష్టమల్లా నెలవంకతోనే. పాత టీబీ గుల్లలో బూజు ఉండకట్టినా అలాంటి నెలవంకే వస్తుంది. రోగిని బోర్లా పడుకోబెట్టి స్కాన్ చేస్తే బూజు ఉండ చాలాసార్లు కిందికి జారుతుంది, నీటితిత్తి పొర అలా దొర్లదు.

ఎక్కువ పొరపాట్లు జరిగేది పగిలి, చీము పట్టిన తిత్తి దగ్గర. అప్పుడు లోపల నీళ్లుండవు, సాంద్రత పెరుగుతుంది, గోడ మందమవుతుంది, చుట్టూ న్యుమోనియా ఉంటుంది. చూడడానికి చీముగడ్డలాగో, లోపల కుళ్లిన క్యాన్సర్‌లాగో, టీబీ గుల్లలాగో ఉంటుంది. పెట్ స్కాన్ చేస్తే వాపు ఉన్న చోటల్లా వెలుగుతుంది కాబట్టి అదీ దారి తప్పించవచ్చు. ఇలాంటప్పుడు రోగి చెప్పే ఒక మాట చాలా పనికొస్తుంది. మీ తమ్ముణ్ని అడగండి: ఎప్పుడైనా ఉన్నట్టుండి దగ్గు తెర వచ్చి, నోటినిండా ఉప్పటి నీళ్లు పడ్డాయా? తెల్లటి తొక్కల్లాంటివి వచ్చాయా? ఆ సమయంలో ఒళ్లంతా దద్దుర్లు లేచాయా? పొడి దగ్గు అన్నారు కాబట్టి బహుశా లేదంటాడు. అయినా అడగండి. చాలామంది అసహ్యమనో భయంతోనో ఆ మాట డాక్టరుకు చెప్పరు. అలా ఏదైనా ఇకముందు వస్తే పారేయకుండా సీసాలో పట్టి ల్యాబ్‌కు ఇవ్వాలి. ఆ పొర, ఆ కొక్కేలు కనిపిస్తే ఇక వేరే రుజువు అక్కర్లేదు. పగిలిన తిత్తిలో బ్రాంకోస్కోపీ (గాలిగొట్టంలోకి కెమెరా గొట్టం పంపి చూడడం) చేసినా కొన్నిసార్లు గాలిగొట్టంలో తెల్లపొర కంటికే కనిపిస్తుంది.

రక్తపరీక్ష నెగెటివ్ ఎందుకు వచ్చిందో చెబుతాను. ఆ పరీక్ష పురుగును వెతకదు, పురుగుకు ఎదురుగా మన శరీరం తయారుచేసిన యాంటీబాడీలను వెతుకుతుంది. తిత్తి చెక్కుచెదరకుండా ఉంటే లోపలి సరుకు రక్తంలోకి పెద్దగా రాదు, శరీరానికి దాని ఆనవాలే అందదు. కాలేయంలో తిత్తి ఉన్నవాళ్లలో ఈ పరీక్ష ఎక్కువమందిని పట్టుకుంటుంది. ఊపిరితిత్తిలో, అందులోనూ పగలని తిత్తి ఉన్నవాళ్లలో, చాలామందిని వదిలేస్తుంది. అంటే సూది వేస్తే ఎక్కువ నష్టం జరిగే నిండు తిత్తినే ఈ పరీక్ష ఎక్కువగా పట్టుకోలేకపోతోంది. మీకు ఇంత వివరంగా రాయడానికి కారణం ఇదే. ‘పరీక్ష చేశాం, లేదు, ఇక సూది వేద్దాం’ అనే తర్కం పైకి సరిగ్గానే ఉన్నట్టుంటుంది. ఊపిరితిత్తి దగ్గర అది చెల్లదు.

పాజిటివ్ వచ్చినా కళ్లు మూసుకుని నమ్మకూడదు. మెదడులో గడ్డలు కట్టించే పంది బద్దెపురుగు మన దేశంలో ఉంది. దానికి తయారైన యాంటీబాడీలు ఈ పరీక్షలో కలగాపులగమవుతాయి. అందుకే పాజిటివ్ వస్తే ఇమ్యునోబ్లాట్ అనే రెండో పరీక్షతో ఖాయం చేసుకుంటారు. అమెరికాలో ఆ పరీక్ష సీడీసీ (జబ్బుల నియంత్రణ చూసే అక్కడి ప్రభుత్వ సంస్థ) ల్యాబ్‌లో చేస్తారు. అక్కడి డాక్టర్లు పరాన్నజీవుల జబ్బుల గురించి సీడీసీ నిపుణులను నేరుగా సంప్రదించవచ్చు. మీ తమ్ముడి డాక్టరుకు ఈ మాట చెబితే ఏ మాత్రం నొచ్చుకోరు, చాలామంది సంతోషిస్తారు. రక్తంలో ఇసినోఫిల్స్ (అలర్జీలో, పురుగుల జబ్బుల్లో పెరిగే ఒక రకం తెల్లకణాలు) మామూలుగా ఉన్నాయని రాశారు. అదీ ఈ జబ్బును కొట్టేయదు, తిత్తి కారనంతవరకు అవి పెరగకపోవచ్చు. మీ ఊరి పెద్ద డాక్టరెవరైనా చర్మంలో మందు వేసి చూసే కసోని పరీక్ష చేయించమంటే వద్దనండి. దాన్ని ఇప్పుడు నమ్మరు.

టీబీ రక్తపరీక్ష పాజిటివ్ గురించి కూడా టెన్షన్ పడుతున్నారు. మన దేశంలో పెరిగిన పెద్దవాళ్లలో చాలామందికి అది పాజిటివే. ఎప్పుడో టీబీ క్రిమి ఒంట్లో చేరిందని మాత్రమే దాని అర్థం. ఈ నీడ టీబీ వల్లే వచ్చిందని కాదు. మనవాళ్లకు విదేశాల్లో ఈ ఒక్క పరీక్షే చాలాసార్లు దారి మళ్లిస్తుంది. 6 సెంటీమీటర్ల నున్నటి గుండ్రటి నీడ, గళ్లలో క్రిమి లేదు, జ్వరం లేదు, బరువు తగ్గలేదు. ఇలాంటి మనిషికి రుజువు లేకుండా టీబీ మందులు మొదలుపెడతామంటే, నేను ఒకప్పుడు చేసిన పనే అది.

ఇక సూది. తిత్తి లోపలి నీళ్లు మంచి ఒత్తిడి మీద ఉంటాయి. సూది పోటుతో అవి ఛాతీ కుహరంలోకి కారితే రెండు ప్రమాదాలు. ఒకటి అప్పటికప్పుడు వచ్చేది. తీవ్రమైన అలర్జీతో బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. రెండోది నెమ్మదిగా వచ్చేది. ఆ నీళ్లలో ఉండే పిల్లపురుగుల తలలు పడ్డచోటల్లా కొత్త తిత్తులు కట్టవచ్చు. ఒక తిత్తి పది తిత్తులైతే ఆపరేషన్ ఎంత కష్టమో ఆలోచించండి. ఇలా ప్రతిసారీ జరుగుతుందని కాదు. తెలియక సూది వేసినా ఏమీ కాని రోగులు ఉన్నారు, ఆ సూదిలో వచ్చిన తేట నీళ్లు చూసే జబ్బు తేలిన సందర్భాలూ ఉన్నాయి. కానీ ముందే అనుమానం ఉన్నప్పుడు ఆ ప్రమాదం కొనితెచ్చుకోవడం దేనికి? కాలేయంలోని తిత్తికి సూదితో నీళ్లు లాగి మందు ఎక్కించే వైద్యం ఉంది, దాన్ని చదివి ఊపిరితిత్తికి కూడా చేయవచ్చుగా అని ఎవరైనా అనవచ్చు. ఊపిరితిత్తికి అది చేయరు.

ఇంగ్లండులో ఉన్నప్పుడు ఒక కేసుల సమావేశంలో కూర్చున్నాను. బల్గేరియానుంచి వచ్చిన 41 ఏళ్ల భవన కార్మికుడు, సిగరెట్లు బాగా తాగుతాడు, ఎడమ ఊపిరితిత్తిలో 7 సెంటీమీటర్ల నీడ. గురువారం సూది వేయాలని రాసేశారు. లోపల సాంద్రత ఎంత అని అడిగాను. రేడియాలజిస్టు అక్కడే కొలిచి 12 అన్నారు. లోపల కుళ్లిన క్యాన్సర్ కావచ్చు అన్నారు, అదీ నిజమే. నేను వార్డుకు వెళ్లి, చిన్నప్పుడు ఎక్కడ పెరిగావని దుబాసీ ద్వారా అడిగాను. తాతగారి ఇంట్లో గొర్రెలు, మూడు కుక్కలు. ఆ సాయంత్రం కాలేయానికి అల్ట్రాసౌండ్ చేశారు. తేనెపట్టు గదుల్లా పిల్లతిత్తులున్న తిత్తి కనిపించింది. అతని రక్తపరీక్ష కూడా మొదటిసారి నెగెటివే. సూది రద్దు చేశారు. ఆపరేషన్‌లో తీసిన పొర చూసి అందరికీ నిర్ధారణ అయింది. కాలేయం అల్ట్రాసౌండ్ చేయించమని పదేపదే అంటున్నది అందుకే. ఊపిరితిత్తిలో తిత్తి ఉన్నవాళ్లలో కొందరికి కాలేయంలోనూ ఉంటుంది, అక్కడ దాని రూపం గుర్తుపట్టడం చాలా తేలిక. ఖర్చు తక్కువ, నొప్పి లేదు. కాలేయం శుభ్రంగా ఉందంటే ఊపిరితిత్తిలోది నీటితిత్తి కాదని మాత్రం అనుకోకండి.

మరో పరాన్నజీవి సంగతి క్లుప్తంగా. పచ్చి ఎండ్రకాయలు, సరిగ్గా ఉడకని నదిరొయ్యలు తింటే వచ్చే ఊపిరితిత్తి పురుగు ఒకటుంది, పేరు పారగోనిమస్. మన దేశంలో మణిపూర్, నాగాలాండ్ వైపు ఉంది, అక్కడా దాన్ని టీబీ అనుకుని మందులు ఇచ్చేస్తుంటారు. అమెరికాలోనూ మిసోరి లాంటి చోట్ల నదిలో పట్టిన పచ్చి రొయ్యజాతి తిన్నవాళ్లకు వచ్చింది. అందులో ఇసినోఫిల్స్ సాధారణంగా పెరుగుతాయి, ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరుతుంది, గళ్లలో గుడ్లు కనిపించవచ్చు. మీ తమ్ముడి వివరాలు దానికి సరిపోవు. అయినా స్నేహితులతో నదికి వెళ్లి అలాంటివి తిన్నాడేమో ఒకమాట అడగండి.

నీటితిత్తే అని తేలితే ఏం చేస్తారన్నారు. 6 సెంటీమీటర్ల తిత్తికి ఊపిరితిత్తిలో సాధారణంగా ఆపరేషనే. తిత్తి చుట్టూ ఉప్పునీటి గుడ్డలు పరిచి, లోపలి పొరను పూర్తిగా తీసి, గాలి కారే రంధ్రాలు కుట్టి, ఊపిరితిత్తిని కాపాడతారు. ఊపిరితిత్తి భాగమంతా కోసేయాల్సిన అవసరం అరుదుగా పడుతుంది. కేవలం ‘గడ్డ’ అనుకుని ఊపిరితిత్తిలో ఒక పెద్ద భాగం (లోబ్) మొత్తం తీసేసిన కేసు ఒకటి నా దగ్గరికి వచ్చింది, ముందే అనుమానించి ఉంటే ఆ భాగం చాలావరకు మిగిలేది. ఇలాంటి ఆపరేషన్లు చేసిన అనుభవమున్న ఛాతీ సర్జన్‌ను వెతకమనండి. మత్తు ఇచ్చే డాక్టరుకూ ముందే తెలియాలి, తిత్తి మధ్యలో పగిలితే రెండో ఊపిరితిత్తిలోకి నీళ్లు పోకుండా జాగ్రత్తపడాలి.

ఆల్బెండజోల్ గురించి గట్టిగా చెప్పాలి. మీ అమ్మగారు ‘నులిపురుగుల మాత్రే కదా, ముందు వేసేసుకోమను’ అన్నారని రాశారు. బడిపిల్లలకు వేసే ఒక్క 400 మిల్లీగ్రాముల మాత్రతో ఈ తిత్తికి ఏమీ కాదు. దీనికి రోజుకు రెండుసార్లు, నెలల తరబడి, కొవ్వున్న భోజనంతో, కాలేయం పరీక్షలు, రక్తకణాల లెక్క చూసుకుంటూ వాడతారు. పైగా ఊపిరితిత్తిలో పగలని పెద్ద తిత్తి ఉన్నప్పుడు ఈ మందు పొరను బలహీనం చేసి పగిలేలా చేయవచ్చు. అందుకే చాలామంది సర్జన్లు ముందు ఆపరేషన్ చేసి, తర్వాత మందు వాడతారు. అక్కడి డాక్టరు చెప్పనిదే ఒక్క మాత్ర కూడా వేసుకోవద్దని చెప్పండి.

మీరు అడిగిన చిన్న ప్రశ్నలు రెండున్నాయి. ఇది అంటుకుంటుందా? మనిషినుంచి మనిషికి అంటదు. మీ మరదలు, పిల్లలు నిశ్చింతగా ఉండవచ్చు. మటన్ తింటే వస్తుందా? రాదు. తిత్తి ఉన్న కార్జం పొరపాటున తిన్నా మనిషికి జబ్బు రాదు, ఎందుకంటే తిత్తి కుక్క పేగులోకి వెళ్తేనే పురుగవుతుంది. మనకు అంటుకునేది కుక్క వదిలే గుడ్డు. కాబట్టి మాంసం మానేయడం వల్ల ఒరిగేదేమీ లేదు. కోసిన చోట తిత్తులున్న కార్జం, ఊపిరితిత్తులు కుక్కలకు విసరకుండా ఉడకబెట్టడమో లోతుగా పాతిపెట్టడమో చేయాలి. 2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు అత్యధికంగా ఉన్నది తెలంగాణలో, తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో. మంద వెంట కుక్క లేని ఊరు నేను చూడలేదు. ఐస్‌లాండ్‌లో 19వ శతాబ్దంలో ఈ జబ్బు ఊరూరా ఉండేది. అక్కడివాళ్లు జనానికి విడమరిచి చెప్పి, కుక్కలకు మందు వేసి, తిత్తులున్న గొర్రెల కార్జం, ఊపిరితిత్తులు కుక్కలకు దొరక్కుండా చేసి దాన్ని వదిలించుకున్నారు. మీ ఊళ్లో కుక్కలకు పశువుల డాక్టరు చేత ప్రాజిక్వాంటెల్ అనే బద్దెపురుగుల మందు క్రమం తప్పకుండా వేయించమని నాన్నగారికి చెప్పండి. మీరూ అదే ఇంట్లో పెరిగారు కదా, ఒకసారి ఛాతీ ఎక్స్‌రే, కాలేయం అల్ట్రాసౌండ్ చేయించుకోండి.

తమ్ముడు బుధవారందాకా ఆగకుండా రేపే ఫోన్ చేసి, లేదా ఆసుపత్రి పోర్టల్‌లో రాసి, ఈ మాటలు చెప్పాలి: ‘నేను పదహారేళ్లదాకా గొర్రెలు, కుక్కలు ఉన్న ఇంట్లో, ఈ జబ్బు ఉన్న ప్రాంతంలో పెరిగాను. మా వీధిలో ఒకరికి ఈ ఆపరేషన్ జరిగింది. పగలని ఊపిరితిత్తి తిత్తిలో రక్తపరీక్ష తప్పిపోవచ్చని విన్నాను. సూది వేసే ముందు గడ్డ లోపలి సాంద్రత కొలిచి, కాలేయం అల్ట్రాసౌండ్ చేసి, అంటువ్యాధుల నిపుణుడితో ఒకసారి మాట్లాడగలరా?’ మర్యాదగా, ఇంతే. బల్ల మీద పడుకోబెట్టాక చెబితే అప్పటికే అందరూ సిద్ధమై ఉంటారు, ఆపడం కష్టం.

ఈలోగా ఉన్నట్టుండి ఛాతీనొప్పి, ఆయాసం, నోటినిండా నీళ్లు, ఒంటిమీద దద్దుర్లు, కళ్లు తిరగడం ఏది వచ్చినా వెంటనే 911కి ఫోన్ చేయమనండి, ‘ఛాతీలో నీటితిత్తి అనుమానం ఉంది’ అని అంబులెన్సు వాళ్లకు చెప్పమనండి. బరువులెత్తడం, ఛాతీకి దెబ్బ తగిలే ఆటలు కొన్నాళ్లు ఆపాలి. స్కాన్ రిపోర్టులో సాంద్రత గురించి, కాలేయం గురించి రాసిన వాక్యాలు పేరు కొట్టేసి పంపండి, వచ్చిన రోజే చూసి జవాబిస్తాను.